పాత కారు ఎవరికి ఇవ్వాలి?

అమెరికాలో పాత కారు దానం చెయ్యడమంత తేలికైన పని ఇంకొకటి లేదు. ఒక నంబరుకు ఫోన్ చేస్తారు. నాలుగైదు రోజుల్లో టో ట్రక్కు ఇంటి ముందుకొస్తుంది. టైటిల్ మీద సంతకం పెట్టి తాళాలు చేతిలో పెడితే, డ్రైవరు ఒక రసీదు చింపి ఇచ్చి కారును ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. పైసా ఖర్చు లేదు. బేరాలు లేవు, ఆఖరి రేటెంతో చెప్పమంటూ అర్ధరాత్రి మెసేజీలు లేవు. ఇంత తేలిక కాబట్టే చాలామంది ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఆ కారు ఎక్కడికి పోతోంది, దానివల్ల ఎవరికి ఎంత ముడుతోంది, మన పన్ను నిజంగా తగ్గుతుందా అన్న సందేహాలు ఏప్రిల్‌లో సీపీఏ ముందు కూర్చున్నప్పుడు మొదలవుతాయి. అప్పటికి కారూ ఉండదు, చెయ్యగలిగిందీ ఉండదు. అందుకని ఈ అధ్యాయం ఆ ఫోన్ చెయ్యకముందు చదవండి.

నేను చెప్పేది ముఖ్యంగా పెద్ద సెడాన్ల గురించి. టయోటా అవలాన్, షెవీ ఇంపాలా, బ్యూక్ లెసేబర్, ఫోర్డ్ టారస్, పోలీసులూ టాక్సీవాళ్ళూ అరగదీసిన క్రౌన్ విక్టోరియా వంటివి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో, మనుషులు కూర్చునే చోటూ డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులకు తగ్గకుండా ఉంటే అది పెద్ద కారు. ఆ లెక్కన మన తెలుగు ఇళ్ళలో చాలామంది కొనుక్కున్న 2008 అకార్డ్ సెడాన్ కూడా పెద్ద కారే. ఎస్‌యూవీల ధాటికి ఈ తరహా కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. క్రౌన్ విక్టోరియా తయారీ 2011లో ఆగింది. అమెరికాలో టారస్ 2019లో, ఇంపాలా 2020లో, అవలాన్ 2022లో ఆగిపోయాయి.

పదిహేనేళ్ళు దాటి లక్షన్నర మైళ్ళు తిరిగిన అలాంటి కారును డీలరు దగ్గరికి తీసుకెళ్తే, ట్రేడిన్‌కు అతను చెప్పే అంకె విని మనసు చివుక్కుమంటుంది. అదే కారును కొనాల్సిన పరిస్థితిలో ఉన్నవాళ్ళ సంగతి చూడండి. క్రెడిట్ స్కోరు లేని మనిషి, రాత్రి షిఫ్టుకు గోడౌనుకు వెళ్ళాలి, ఆ వేళలో బస్సు లేదు. అతనికి అప్పిచ్చేది ఊరి చివర పాత కార్లు పెట్టుకుని వాయిదాల మీద అమ్మే లాటువాడు ఒక్కడే. అక్కడ ఇరవై శాతం దాటే వడ్డీలు మామూలు. రెండు వాయిదాలు తప్పితే కారు వెనక్కి లాక్కుపోతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇంత అచ్చంగా వర్తించే సరుకు అమెరికాలో ఇంకొకటి నాకు కనబడలేదు.

మీకు పెద్దగా రాబడి లేని కారు, ఎవరికో ఉద్యోగం నిలబెట్టే కారు, రెండూ ఒకటే. నడిచే కారును నడిచే కారుగానే అవసరమైనవాళ్ళకు చేర్చగలిగితే దానం పూర్తి విలువతో చేరినట్టు. దాన్నే వేలంలో అమ్మించి డబ్బు చేయించబోతే విలువలో చాలాభాగం దారిలోనే కరిగిపోతుంది. మిగతా అధ్యాయమంతా ఈ తేడా గురించే.

వేలంపాట దారి

టీవీలో, రేడియోలో పాటలు పాడి పిలిచే పథకాల్లో అధికభాగం ఇలా నడుస్తాయి. మీరు ఫోన్ చేసిన నంబరు స్వచ్ఛంద సంస్థది కాకపోవచ్చు. ఆ సంస్థ తరఫున కార్లు పోగుచేసే మధ్యవర్తి కంపెనీది కావచ్చు. వాళ్ళు టోయింగ్ ఏర్పాటు చేస్తారు, కారును కోపార్ట్ లాంటి వేలం యార్డుకు పంపుతారు, అక్కడ ఎంత పలికితే అంతకు అమ్ముతారు. టోయింగ్ ఖర్చు, వేలం రుసుము, ప్రకటనల ఖర్చు, మధ్యవర్తి వాటా పోగా మిగిలింది సంస్థకు వెళ్తుంది. ఇందులో మోసమేమీ లేదు, అది ఆ వ్యాపారం తీరు. కాకపోతే తక్కువ ధర కారుకు ఈ ఖర్చులు తగ్గవు. వెయ్యి డాలర్లు పలికే కారుకైనా పదివేలు పలికే కారుకైనా ట్రక్కువాడి కూలి ఇంచుమించు ఒకటే.

ఇది ఎంతదాకా పోతుందో తెలియాలంటే 2003 నవంబరులో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ ఇచ్చిన నివేదిక చూడాలి. వాళ్ళు 54 దానాలను మొదటినుంచి చివరిదాకా వెంబడించారు. వాటిలో దాదాపు మూడింట రెండు వంతుల్లో, దాత పన్ను పత్రంలో రాసుకున్న విలువలో సంస్థకు చేరింది 5 శాతమో అంతకన్నా తక్కువో. ఒక 1983 మోడల్ ట్రక్కు కథ అందులో ఉంది. దాత రాసుకున్నది 2,400 డాలర్లు. వేలంలో పలికింది 375. ఖర్చులూ వాటాలూ పోగా సంస్థ చేతికి వచ్చింది 31 డాలర్ల 50 సెంట్లు.

కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి పాలు ఇవ్వని, గడ్డి కూడా మెయ్యలేని ముసలి ఆవులను దానమిస్తుంటే కొడుకు నిలదీస్తాడు. ఆ తండ్రి కనీసం ఎండిన ఆవులకు పాడి ఆవుల ధర కట్టి రాజుగారి పన్నులో తగ్గించుకోలేదు. అమెరికా దాతలు అది కూడా చేశారు. పాత కార్ల ధరల పట్టిక బ్లూ బుక్‌లో ఉన్న పెద్ద అంకె రాసుకోవడం, పన్ను తగ్గించుకోవడం. కాంగ్రెస్ 2004లో చట్టం మార్చి 2005 జనవరి 1 నుంచి ఈ దారి మూసేసింది. స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయిపోతాయని ఇప్పటికీ పార్టీల్లో సలహా ఇచ్చే పెద్దమనుషులు ఇరవై ఏళ్ళ కిందటి నియమాన్ని పట్టుకుని మాట్లాడుతున్నారని గ్రహించండి.

పన్ను లెక్క ఎంతవరకు నిజం

ఇప్పటి నియమం ఇదీ. సంస్థ మీ కారును అమ్మేస్తే, అది ఎంతకు అమ్ముడుపోయిందో అంతకుమించి మీరు తగ్గింపు చూపకూడదు. బ్లూ బుక్ నాలుగు వేలు చెప్పినా వేలంలో 1,100 పలికితే మీ అంకె 1,100. అమ్మకం 500 డాలర్లకు లోపలే ఆగిపోతే 500 వరకు, కారు మార్కెట్ విలువ అంతకంటే తక్కువైతే ఆ విలువ వరకు, రాసుకోవచ్చు. 500 దాటితే సంస్థ నుంచి 1098-సి ఫారం రావాలి, రిటర్నుతో దాన్ని జతచెయ్యాలి. అమ్మిన 30 రోజుల్లోగా వాళ్ళు ఆ ఫారం పంపాలి. టో ట్రక్కు డ్రైవరు ఇచ్చిన రసీదు దీనికి బదులు కాదు. 500 దాటిన దానానికి మీ వైపు నుంచి 8283 ఫారం కూడా నింపాలి.

అమ్మకం ధర అనే పరిమితి లేకుండా పూర్తి మార్కెట్ విలువ రాసుకోగలిగే సందర్భాలు మూడే ఉన్నాయి. సంస్థ ఆ కారును తన సేవకు గట్టిగా వాడుకోవడం ఒకటి. కారుకు పెద్ద మరమ్మతు చేసి విలువ పెంచడం రెండోది. కడగడం, చిన్న చిన్న రంగుల పని ఈ లెక్కలోకి రావు. మూడోది, బీద కుటుంబానికి ఊరికే గాని బాగా తక్కువ ధరకు గాని ఇవ్వడం. 1098-సి ఫారంలో 5ఎ, 5బి అనే గళ్ళు వీటికోసమే. 5బిలో టిక్కు ఉంటే మీ కారు ఒక కుటుంబానికి చేరుతోందని ఆ సంస్థ ప్రభుత్వానికి రాసిచ్చినట్టు. 4సి గడిలో అంకె ఉంటే కారు అమ్ముడైందని, మీ హద్దు ఆ అంకె అని అర్థం. ఫారం రాగానే ముందు ఈ గళ్ళు చూడండి. పూర్తి విలువ అంటే డీలరు అమ్మే ధర కాదు, ఇద్దరు మామూలు మనుషుల మధ్య అదే స్థితిలో ఉన్న కారు పలికే ధర. అది 5,000 దాటితే అర్హత ఉన్న మదింపుదారుడి చేత రాతపూర్వకంగా విలువ కట్టించాలి. పాత సెడాన్లకు ఆ అవసరం అరుదు.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మీరు ఐటమైజ్ చేస్తున్నారా, అంటే తగ్గింపులను ఒక్కొక్కటిగా చూపుతున్నారా? స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కారు దానం వల్ల ఫెడరల్ పన్నులో ఒక్క డాలరూ తగ్గదు. 2018లో ఆ స్టాండర్డ్ మొత్తం దాదాపు రెట్టింపైంది. భార్యాభర్తలు కలిసి వేసే రిటర్నుకు 2025లో అది 31,500 డాలర్లు, 2026లో 32,200. ఇల్లు అద్దెది, లేదా అప్పు తీరిపోయిన ఇల్లు అయితే మీరు ఆ గీత దాటడం కష్టం. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో పెద్ద ఇంటి అప్పు, బరువైన ప్రాపర్టీ టాక్స్ ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. రాష్ట్ర, స్థానిక పన్నుల మీద ఉన్న 10,000 పరిమితిని 2025 నుంచి 40,000కు పెంచారు కాబట్టి వాళ్ళలో చాలామంది మళ్ళీ ఐటమైజ్ చేస్తున్నారు. అయితే 2026 నుంచి వాళ్ళకూ ఒక మెలిక ఉంది. ఆదాయంలో అర శాతం దాటిన దానాలకే తగ్గింపు. ఆ ఆదాయం (ఏజీఐ) రెండు లక్షలున్న ఇంట్లో ఏడాది మొత్తం దానాల్లో మొదటి వెయ్యి డాలర్లు లెక్కలోకి రావు.

సరే, ఐటమైజ్ చేస్తున్నారు, కారు 1,100 పలికింది, మిగతా దానాలతోనే ఆ అర శాతం గీత దాటేశారు, మీది 24 శాతం శ్లాబు అనుకుందాం. మిగిలేది 264 డాలర్లు. రెండు వందల అరవై నాలుగు డాలర్ల కోసం దానం చేస్తున్నామని మనల్ని మనం నమ్మించుకోవడం అనవసరం. పన్ను కోసమైతే వేలంపాట దారి అందరికీ నష్టం. ఇది నా తీర్పు.

అమ్మి చెక్కు ఇవ్వడం

డబ్బే ఇవ్వదలిస్తే కారును మీరే అమ్మండి, వచ్చిన సొమ్ముకు చెక్కు రాయండి. ఉదాహరణకు ఒక అవలాన్ మీ ఊళ్ళో మనిషికి మనిషి అమ్మితే 4,000 వస్తుందనుకోండి. కొన్న ధరకంటే తక్కువకు సొంత కారు అమ్మితే ఆ సొమ్ము మీద పన్ను లేదు. చెక్కు 4,000కు రాస్తే సంస్థకు పూర్తిగా నాలుగు వేలూ చేరతాయి, మీ తగ్గింపు కూడా నాలుగు వేల మీదే లెక్క. అదే కారు వేలానికి వెళ్ళి 1,500 పలికితే సంస్థకు అందులో కొంత, మీకు 1,500 మీద లెక్క. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్ళకు కూడా 2026 నుంచి నగదు దానం మీద ఒంటరివాళ్ళకు 1,000 వరకు, దంపతులకు 2,000 వరకు తగ్గింపు వచ్చింది. ఆ సదుపాయం నగదుకు మాత్రమే, కారుకు లేదు. అంటే అమ్మి ఇచ్చేవాడికి ఇప్పుడు ఇంకాస్త మేలు.

దీనికి ఖర్చయ్యేది మీ వారాంతం. ఫొటోలు తియ్యాలి, నలుగురు వచ్చి చూసి పోతారు, ఒకడు వస్తానని రాడు. ఆ ఓపిక లేనివాళ్ళను నేను తప్పుపట్టను. పిల్లల పరీక్షలో, ఇండియా ప్రయాణమో ఉన్నప్పుడు టో ట్రక్కే దిక్కు. ఆ ఓపిక ఖరీదు సంస్థ వాటాలోంచి పోతుందని తెలిసి చెయ్యండి, అంతే.

కుటుంబానికి చేర్చే దారి

కారు ఇంకా బాగా నడుస్తుంటే ఇదే మంచి దారి. కొన్ని సంస్థలు కార్లను వేలానికి పంపకుండా తమ సొంత గ్యారేజీలో బాగుచేసి, ఉద్యోగానికి వెళ్ళడానికి కారు లేని కుటుంబాలకు ఇస్తాయి. వెర్మాంట్‌లో 1996లో మొదలైన గుడ్ న్యూస్ గ్యారేజ్ ఇందులో పాతది. మేరీలాండ్‌లో 1999 నుంచి పనిచేస్తున్న వెహికల్స్ ఫర్ చేంజ్ బాగుచేసిన కార్లను చాలా తక్కువ ధరకు కుటుంబాలకు ఇస్తుంది. అక్కడి గ్యారేజీలో జైలు నుంచి విడుదలైనవాళ్ళు మెకానిక్ పని నేర్చుకుంటారు. ఒక్క కారు ఇద్దరికి దారి చూపుతుందన్నమాట. ఇలాంటివి ప్రతి రాష్ట్రంలో లేవు. మీ కౌంటీలో ఉన్నాయేమో వెతకాలి. పేరున్న సంస్థలు లేనిచోట చర్చిలు, గృహహింస నుంచి బయటపడిన మహిళల ఆశ్రయాలు, శరణార్థుల పునరావాస కేంద్రాలు ఒక్కోసారి ఈ పని చేస్తుంటాయి. ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదు.

పాత పెద్ద సెడాన్ ఈ పనికి ఎందుకు నప్పుతుందంటే, వెనక సీట్లో రెండు చైల్డ్ సీట్లు పెట్టినా మధ్యలో చోటుంటుంది, డిక్కీలో లాండ్రీ సంచులూ వారం సరుకులూ పడతాయి. ఈ మోడళ్ళు లక్షల సంఖ్యలో తయారయ్యాయి కాబట్టి విడిభాగాలు జంక్‌యార్డుల్లో చవగ్గా దొరుకుతాయి, ఏ వీధి మెకానిక్కైనా బాగుచేస్తాడు. ఖరీదైన జర్మన్ కారు పాతదిస్తే తీసుకున్నవాడికి మొదటి మరమ్మతు బిల్లుతోనే కష్టం మొదలవుతుంది. లెసేబర్‌తో ఆ భయం తక్కువ.

అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఈ కారును మీరే ఎవరికైనా ఇస్తారా, అమ్ముతారా? అమ్మితే ఎవరి ద్వారా? వాళ్ళకు శాతం వాటానా, కారుకింత అని రుసుమా? 1098-సి ఏ సంస్థ పేరు మీద వస్తుంది? సూటిగా జవాబు చెప్పినవాళ్ళకు ఇవ్వండి. మాట దాటేసి ట్రక్కు ఎప్పుడు పంపమంటారు అని తొందరపెడితే ఫోన్ పెట్టేయండి. హోటల్ కూపన్లు, విహారయాత్ర వోచర్లు ఎర వేసేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ వోచర్ విలువను మీ దానంలోంచి తీసివెయ్యాలి.

సంస్థకు 501(సి)(3) గుర్తింపు, అంటే దానాలకు పన్ను తగ్గింపు ఇచ్చే అర్హత, ఉన్నదో లేదో అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో సంస్థల వెతుకులాట పేజీలో పేరు కొట్టి చూడవచ్చు. ఒకే రకం పేర్లు చాలా ఉంటాయి కాబట్టి సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య (ఈఐఎన్) అడిగి పోల్చుకోండి. ఆ సంస్థ వేసే 990 రిటర్ను బహిరంగ పత్రం. దానికి షెడ్యూల్ ఎం జతగా ఉంటే, ఏడాదిలో ఎన్ని వాహనాలు వచ్చాయో, వాటివల్ల ఎంత వచ్చిందని రాసుకున్నారో కనిపిస్తుంది. 1098-సి కోసం మీ సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. అది నిబంధనే. కానీ ఈ తనిఖీ అయ్యాకే ఇవ్వండి.

గుడికి, చుట్టాలబ్బాయికి

మన గుళ్ళు చాలావరకు 501(సి)(3) సంస్థలే. మతసంస్థలు దరఖాస్తు చెయ్యకపోయినా చట్టం గుర్తిస్తుంది, అందుకని కొన్ని ఐఆర్ఎస్ జాబితాలో కనబడకపోవచ్చు. కమిటీని అడిగి పత్రం చూడండి. గుడి ఆ కారును నిజంగా తన పనికి వాడితే, అంటే వారం వారం భోజనాలు వృద్ధాశ్రమానికి చేరవెయ్యడం లాంటి పనికి, పూర్తి విలువ రాసుకోవడానికి వీలుంది. ఐఆర్ఎస్ ఉదాహరణల్లోనూ రోజూ భోజనాలు పంచడానికి ఏడాదిపాటు తిప్పిన కారు ఉంది. ఏడాదికి నాలుగుసార్లు ఉత్సవాలకు తీసి, ఆ తర్వాత అమ్మేస్తే ఆ మాట నిలవదు. ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఎవరు నడుపుతారు అన్నది కమిటీతో ముందే మాట్లాడండి. పార్కింగులో గాలి దిగిన టైర్లతో నిలబడే కారు గుడికి భారమే.

ఎంఎస్ చెయ్యడానికి వచ్చిన మేనల్లుడికో, పక్కింటివాళ్ళ అబ్బాయికో ఇస్తే అది మంచి పనే, పన్ను లెక్కలో మాత్రం దానం కాదు. వ్యక్తికి ఇచ్చింది ఏదీ దానం కింద తగ్గదు. నిజం చెప్పాలంటే చాలా సందర్భాల్లో అదే అందరికన్నా ఎక్కువ ఉపయోగపడే దానం. పన్ను రాదని వెనకాడకండి.

ఇండియాలో ఇదే పని చెయ్యాలనుకునేవాళ్ళకు ఒక ముక్క. 80జి కింద పన్ను తగ్గింపు డబ్బు ఇచ్చినప్పుడే, వస్తువులకు లేదు. విజయవాడలో నాన్నగారి కారును వృద్ధాశ్రమానికి ఇస్తే పుణ్యం దక్కుతుంది, 80జి రాదు. ఆర్‌సీ మాత్రం 29, 30 ఫారాలతో ఆశ్రమం పేరుకు మార్పించండి. లేకపోతే రేపు ప్రమాదం జరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

కాగితాల మీద కన్నెయ్యండి

టైటిల్ దొరకకపోవడం మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా జరిగేది. పాస్‌పోర్టుల పెట్టెలో వెతకండి, లేకపోతే డీఎంవీలో డూప్లికేట్‌కు దరఖాస్తు చెయ్యండి. కారు అప్పు ఎప్పుడో తీరిపోయినా టైటిల్ మీద బ్యాంకు పేరు ఉండిపోతుంది. బ్యాంకు నుంచి లీన్ విడుదల పత్రం తెప్పించుకోవాలి. భార్యాభర్తల పేర్ల మధ్య "అండ్" ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు హైదరాబాదులో ఉంటే ముందే పవరాఫ్ అటార్నీ చూసుకోండి. ఉద్యోగం పోయి హడావిడిగా ఇండియా వెళ్ళిపోతున్నవాళ్ళు విమానం ఎక్కేలోపు టైటిల్ పని ముగించాలి. తర్వాత అక్కడినుంచి నడిపించడం నరకం.

టైటిల్ మీద కొనేవారి గడిని ఖాళీగా వదిలి సంతకం పెట్టవద్దు. సంస్థ పేరు రాయించండి. ఖాళీ టైటిల్‌తో కారు చేతులు మారుతూ పోతే టోల్ బిల్లులు, పార్కింగ్ జరిమానాలు మీ పేరు మీదే వస్తాయి. 2011, ఆ తర్వాతి మోడళ్ళకు ఓడోమీటరు అంకె రాసివ్వడం ఇరవై ఏళ్ళ వరకు తప్పనిసరి. అంతకంటే పాతవాటికి ఆ నియమం నుంచి మినహాయింపు ఇప్పటికే వచ్చింది.

కారు వెళ్ళిన వెంటనే మీ రాష్ట్రానికి తెలియజెయ్యాలి. కాలిఫోర్నియాలో అయిదు రోజుల్లోగా యాజమాన్యం మారిందని నోటీసు పంపాలి. నంబరు ప్లేట్లు అక్కడ కారుతోనే పోతాయి. న్యూయార్క్, న్యూజెర్సీల్లో ప్లేట్లు మీరు తీసుకుని తిరిగి అప్పగించాలి, ఇన్సూరెన్స్ ఆ తర్వాతే రద్దు చెయ్యాలి. వరుస తిరగబడితే జరిమానా, లైసెన్సు మీదికి కూడా వస్తుంది. టెక్సస్‌లో ప్లేట్లు, రిజిస్ట్రేషన్ స్టిక్కరు తీసేసి బదిలీ నోటీసు వెయ్యండి.

ట్రక్కు రాకముందు

కుటుంబానికి చేరబోయే కారైతే మొదట రీకాల్ చూడండి. విండ్‌షీల్డ్ కింద ఉండే 17 అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్లో కొడితే తేలిపోతుంది. పగిలి లోహపు ముక్కలు చిమ్మే టకాటా ఎయిర్‌బ్యాగులు అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షలు వెనక్కి పిలిచారు. 2000 దశకపు అకార్డులు ఆ జాబితాలో ఉన్నాయి. 2006 నుంచి 2014 వరకు వచ్చిన ఇంపాలాలకు ఇగ్నిషన్ స్విచ్ రీకాల్ వచ్చింది. డీలరు వీటిని ఉచితంగా బాగుచేస్తాడు. ఆ పని చేయించకుండా రెండో మనిషి పిల్లల్ని ఆ సీట్లో కూర్చోబెట్టడం దానం కాదు. కారుకున్న లోపాలు దాచకండి. ఆయిల్ కారుతుంటే చెప్పండి, ట్రాన్స్‌మిషన్ జారుతుంటే చెప్పండి. వాళ్ళు కారును ఏ దారిన పంపాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు.

తర్వాత కారులో మీ ఆనవాళ్ళు తియ్యండి. ఫోన్ జత చేసినప్పుడు స్టీరియోలో దాక్కున్న కాంటాక్టులు, నావిగేషన్‌లో ఇంటి చిరునామా, అద్దంలో నేర్పిన గరాజ్ డోర్ మీట. ఇవి చెరపకపోతే కారు కొన్నవాడి దగ్గర మీ ఇంటి తలుపు తెరిచే మీట ఉన్నట్టే. ఈజీ పాస్ ఊడదియ్యండి, ఖాతాలోంచి కారు నంబరు తొలగించండి. గ్లవ్ బాక్సులో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు, డాష్‌బోర్డు మీద అంటించిన వినాయకుడు, వాహనపూజ రోజున గుడిలో కట్టిన ఎర్రదారం, డిక్కీలో అడుగున పడ్డ మామిడికాయ పచ్చడి సీసా మూత, అన్నీ చూసుకోండి. వినాయకుణ్ణి ఊడదీసేటప్పుడు జిగురు గట్టిగా ఉంటుంది, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తే సులువుగా వస్తుంది.

నాలుగు పక్కలనుంచీ, ఓడోమీటరుతో కలిపి ఫొటోలు తీసి, టైటిల్ రెండు వైపులా కాపీ తీసిపెట్టుకోండి. డిసెంబరు 31లోగా కారు అప్పగిస్తేనే ఆ ఏడాది లెక్క. డిసెంబరు ఆఖరి వారంలో అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు కాబట్టి ట్రక్కు జనవరిలో రావచ్చు.

ఇక ఆఖరి మాట కదలని కార్ల గురించి. ఇంజను పట్టేసిన కారు, ముందుభాగం నుజ్జైన కారు కుటుంబానికి పనికిరావు. వాటికి వేలంపాట దారే సరైనది. ఇనుము, క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని ప్లాటినం, పల్లాడియం, నడిచే విడిభాగాలు ఎవరికో పనికొస్తాయి, సంస్థకు ఎంతో కొంత చేరుతుంది. అక్కడ 500 డాలర్ల నియమం చాలు, మిగతా లెక్కలు అక్కర్లేదు.

నడుస్తున్న కారును మాత్రం అలా కదలని కారుగా మారేదాకా ఉంచకండి. కొత్త కారు వచ్చాక పాతది డ్రైవ్‌వేలో నిలబడిపోతుంది. అమ్మానాన్నా వచ్చినప్పుడు పనికొస్తుందని ఒక ఏడాది, పెద్దవాడికి లైసెన్సు వస్తుందని ఇంకో ఏడాది గడుస్తుంది. ఈలోగా బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి, బ్రేకులు తుప్పు పడతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నిన్నటిదాకా ఒక కుటుంబానికి ఇవ్వదగ్గ కారు కాస్తా వేలం యార్డు సరుకవుతుంది. మీ కారు ఈ రోజు స్టార్ట్ అయిందంటే, ఈ శనివారమే మీ కౌంటీలో కార్లను కుటుంబాలకు ఇచ్చే సంస్థకు ఫోన్ చెయ్యండి.